3,23,700 డీజిల్ కార్ల రీకాల్: మన బండి ఇవ్వాలా, వద్దా?

సుబేదారి_సెడాన్
2 డిసెంబర్ 2015
నిన్నటి వార్త అందరూ చూసే ఉంటారు. పరీక్షలో మాత్రమే పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న గొడవ మీద ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు మన దేశంలో 3,23,700 డీజిల్ కార్లను వెనక్కి పిలుస్తోంది. ఫోక్స్‌వ్యాగన్ 1,98,500, స్కోడా 88,700, ఆడి 36,500. 2008 నుంచి మొన్న నవంబర్ దాకా వచ్చిన 1.2, 1.5, 1.6, 2.0 లీటర్ల ఈఏ 189 ఇంజిన్ బళ్లన్నీ. నాది 1.6 సెడాన్, ఆ లిస్టులో ఉంది. మూడింటిలో ఏ బ్రాండ్ అనేది ఎందుకులెండి.

డీలర్‌కు ఫోన్ చేస్తే "సార్, మేము కూడా టీవీలోనే చూశాం" అన్నాడు. సాఫ్ట్‌వేర్ మారుస్తారట. మారిస్తే మైలేజీ, పికప్ రెండూ పోతాయని కొందరు, ఏం కాదని కొందరు. నా బండి హైవే మీద లీటరుకు 20 ఇస్తుంది, ఇంతవరకు నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. కంపెనీ నాకు చెప్పింది ఇచ్చింది. కానీ వార్త చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతోంది. అసలు మోసపోయింది నేనేనా, ఇంకెవరైనానా? బండి ఇవ్వాలా, వద్దా?

పెట్రోల్_కాక
డీజిల్ వద్దని అప్పుడే చెప్పిన. ఎవరు విన్నరు.

నిజాంబాద్_నానో
కాకా, నీ బండి లీటరుకు 11 ఇస్తదని కూడా అప్పుడే చెప్పినవ్.

పెట్రోల్_కాక
12.

రింగ్_పానా
సుబేదారి అన్నా, తొందరపడకు. ఆటోనగర్‌లో రోజూ డీజిల్ ఇంజిన్లు విప్పేవాడిగా చెప్తున్నా. ఇప్పుడు గొడవంతా నాక్స్ గురించి, అంటే నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజిన్ లోపల మంట వేడి ఎంత పెరిగితే అవి అంత పుడతాయి. తగ్గించాలంటే ఈజీఆర్ వాల్వ్ తెరిచి, కాలిన పొగనే కొంత మళ్లీ లోపలికి తోలాలి. వేడి తగ్గుతుంది, నాక్స్ తగ్గుతుంది. కానీ మసి పెరుగుతుంది.

ఆ మసికి ఇంజిన్ ఆయిల్ ఆవిరి తోడై ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం గోడలకు పట్టేస్తుంది. మొన్న ఒక బండిది విప్పినం, ఏ కంపెనీ అని అడగొద్దు. రెండు వేళ్లు పోవాల్సిన దారిలో చిటికెన వేలు కూడా దూరలేదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే నల్లటి పెచ్చులు ఊడినయ్, లోపలిది ఇంకా జిగటగా ఉంది. వాల్వ్ ప్లేటు పూర్తిగా మూసుకోక సగంలో ఇరుక్కుపోయింది. ఆ బండి ఐడిల్‌లో వణుకుతుంది, ఎక్కుడులో నల్ల పొగ తోలుతుంది.

సాఫ్ట్‌వేర్ మారితే ఆ వాల్వ్ ఇప్పటికంటే ఎక్కువ సేపు తెరిచి ఉండొచ్చు. ఊరి గాలికి మంచిదే. ఖర్చు మాత్రం నీ మానిఫోల్డ్‌ది.

ఆర్‌ఈసీ_84
పానా చెప్పినదాంట్లో విషయం ఉంది, కానీ అది సగమే. డీజిల్ ఎప్పుడు కొట్టాలి, ఎంత ఒత్తిడితో, ఎన్ని దఫాలుగా కొట్టాలి, ఇవన్నీ కూడా సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటాయి. యూరప్‌లో పోయిన వారమే రిపేరు ఏమిటో బయటపెట్టారు. 1.2, 2.0 లీటర్ల బళ్లకు సాఫ్ట్‌వేర్ ఒక్కటే, అరగంట పని. సుబేదారి గారి లాంటి 1.6కు అదనంగా గాలి కొలిచే సెన్సర్ ముందు ఒక చిన్న జాలీ గొట్టం పెడతారు. గాలి సుడులు తిరగకుండా నేరుగా వస్తే సెన్సర్ లెక్క సరిగ్గా ఉంటుంది, లెక్క సరిగ్గా ఉంటే డీజిల్ సరిగ్గా పడుతుంది. గంటలోపు పని అంటున్నారు. మన దగ్గర బళ్లను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఒప్పుకున్నాకే మొదలవుతుంది, కాబట్టి రేపే పిలుస్తారని కంగారు వద్దు.

ఇక మోసం సంగతి. బండి పరీక్ష రోడ్డు మీద జరగదు. ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి తోలుతారు. ఎన్నో సెకనుకు ఎంత స్పీడు ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. మన భారతీయ పరీక్ష 1180 సెకన్లు, అందులో గరిష్ఠ వేగం 90 దాటదు. ఈ కాగితం అందరి దగ్గరా ఉంటుంది, కంపెనీ దగ్గర కూడా. అమెరికా పర్యావరణ సంస్థ సెప్టెంబర్ 18న ఇచ్చిన నోటీసులో ఉన్నదేమిటంటే, ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, స్టీరింగ్ ఎటు తిరుగుతోంది, స్పీడెంత, ఇంజిన్ ఎంతసేపు తిరిగింది, గాలి ఒత్తిడి ఎంత అని చూసుకుంటుంది. అన్నీ పరీక్ష కాగితంతో కలిస్తే బుద్ధిగా నడిచే ప్రోగ్రాం. కలవకపోతే ఇంకో ప్రోగ్రాం, అందులో నాక్స్ పరిమితికి 40 రెట్ల దాకా. అక్కడ 4,82,000 కార్లు, ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షలు.

నిజాంబాద్_నానో
స్టీరింగ్ తిప్పకుండా ఇరవై నిమిషాలు పోవడానికి హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా వెతికినా జాగ దొరకదు. అంటే వరంగల్‌లో ఈ బళ్లు పుట్టినప్పటి నుంచి ఒక్క నిమిషం కూడా బుద్ధిగా నడవలేదన్నమాట.

సుబేదారి_సెడాన్
నవ్వు రావట్లేదు తమ్ముడూ.

నిజాంబాద్_నానో
నాక్కూడా రాలేదన్నా, మాది కూడా డీజిలే. పేరు నానో అని పెట్టుకున్న అంతే.

ఖని_బొగ్గు
రామగుండం చిమ్నీల కింద పుట్టి పెరిగినోళ్లం. ఒక పక్క కరెంటు ఫ్యాక్టరీ, ఇంకో పక్క ఓపెన్‌కాస్ట్ దుమ్ము. ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిద రంగు. మూడు లక్షల కార్లు ఏదో కొంచెం ఎక్కువ పొగ వదిలినయంటే దేశమంతా లొల్లి. మా దగ్గరికొచ్చి చూడమనండి ఎవరినైనా.

కరీంనగర్_టీచర్
ఖని గారూ, మీ బాధ నిజమే, కానీ దానికీ దీనికీ పోటీ పెట్టకండి. చిమ్నీ వందల అడుగుల పైన వదులుతుంది. కారు గొట్టం మా బాబు ముక్కు ఎత్తులో వదులుతుంది. వాడికి ఆస్తమా. బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు రాత్రి ఇన్‌హేలర్ తీయాల్సిందే. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరి గొట్టాలను రేపుతుందని, ఎండలో ఓజోన్ పుట్టడానికి కారణమై ఇంకా ఇబ్బంది పెడుతుందని డాక్టరే చెప్పారు. అది కంటికి కనిపించే నల్ల పొగ కాదు. అందుకే ఎవరికీ పట్టదు.

ఇక కంపెనీ చేసింది మా బడుల్లో అందరికీ తెలిసిన విద్యే. తనిఖీ వస్తోందని ముందే కబురు అందుతుంది. ఆ రోజు బడి ఊడ్చి ముగ్గులు పెడతాం, ఎప్పుడూ రాని పిల్లలు కూడా ముందు వరుసలో కూర్చుంటారు, సార్లు చొక్కా టక్ చేస్తారు. అధికారి వెళ్లిన మర్నాడు మళ్లీ మామూలే. తేడా ఒక్కటే, మేం చేసేది అధికారికి కూడా తెలుసు.

జగిత్యాల_గల్ఫ్
టీచరమ్మ వంద మార్కులు కొట్టింది.

జాతర_టవేరా
తనిఖీ అంటే గుర్తొచ్చింది. 2013లో టవేరా సంగతి అందరూ మర్చిపోయిన్రా? జనరల్ మోటార్స్ వాళ్లే జూలైలో సర్కారుకు రాసి ఒప్పుకున్నరు. 2005 నుంచి 2013 దాకా చేసిన లక్షా 14 వేల టవేరాలు రీకాల్. వాళ్లు సాఫ్ట్‌వేర్ దాకా కూడా పోలేదు. పొగ తక్కువొచ్చే ఇంజిన్లు ఏరి పక్కన పెట్టుకొని, తనిఖీకి పోయే బండికి అవి బిగించిన్రు. పాతిక మంది దాకా ఉద్యోగాలు పోయినయ్.

మా పరకాలలో సగం ట్రావెల్స్ బళ్లు అప్పుడు అవే. పదిమందిని, రెండు మేకలను, బెల్లం బస్తాలను ఎక్కించుకొని మేడారం పోయి వచ్చిన బండి నాది. ఇంజిన్ మీద నాకే కంప్లైంటూ లేదు. రీకాల్ అని పేపర్లో వచ్చిన రోజు స్టాండ్‌లో అందరం చాయ్ తాగుకుంటనే చదివినం, ఒక్కడు కూడా "నా బండి సంగతేంది" అని అడగలేదు. దానికీ దీనికీ ఏం తేడా? అప్పుడు మనం డ్రైవర్లం కాబట్టి లొల్లి కాలేదు, ఇప్పుడు సెడాన్లోళ్లు కాబట్టి లొల్లి.

ఆర్‌ఈసీ_84
టవేరా, మీ మాట కొంచెం గుచ్చుకుంది, కానీ తప్పని అనలేను. ఇది కొత్త రోగం కూడా కాదు. 1998లో అమెరికాలో ఏడు లారీ ఇంజిన్ కంపెనీలు ఇలాగే దొరికాయి. హైవే మీద ఒకే స్పీడులో పోతుంటే ఈసీయూ కనిపెట్టి, నాక్స్ సంగతి వదిలేసి డీజిల్ మిగిల్చేది. 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానా కట్టారు. అంటే ఈ కిటుకు ఇంజనీర్లందరికీ తెలుసు, పట్టుకునేవాళ్లకూ తెలుసు. అయినా పదిహేడేళ్ల తర్వాత మళ్లీ అదే.

ఈసారి పట్టుకుంది కూడా సర్కారు కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కొలిచే యంత్రాన్ని కారు డిక్కీలో పెట్టి, దానికి కరెంటు కోసం చిన్న జనరేటర్ తగిలించుకొని రోడ్డు మీద తిరిగారు. లాస్ ఏంజిలస్ నుంచి సియాటిల్ దాకా పోయి వచ్చారు. ఆ జట్టులో అరవింద్ తిరువేంగడం, హేమంత్ కప్పన్న అని ఇద్దరు మన దేశం కుర్రాళ్లున్నారు. వాళ్లు ఎవరినో పట్టుకుందామని బయల్దేరలేదు. అమెరికాలో డీజిల్ ఎంత శుభ్రంగా నడుస్తుందో చూపిస్తే యూరప్ వాళ్లు నేర్చుకుంటారన్నది లెక్క. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా కారు పరిమితికి 15 నుంచి 35 రెట్లు చూపించేసరికి ముందు తమ యంత్రమే పాడైందనుకున్నారట.

నిజాంబాద్_నానో
కంపెనీ అమెరికా హెడ్డు అక్కడి పార్లమెంటులో ఏమన్నాడో చూసిండ్రా? కంపెనీకి సంబంధం లేదు, ఎవరో ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చేసిన్రు అని. కోటి కార్లు! అమీర్‌పేటలో నేర్చుకున్నోళ్లు అయి ఉంటరు, డెమో రోజు మాత్రం అన్నీ పనిచేస్తయ్.

జగిత్యాల_గల్ఫ్
అమీర్‌పేట జోలికి రాకు, మా తమ్ముడు అక్కడే ఉన్నడు.

సుబేదారి_సెడాన్
ఇంకో సంగతి అడగాలి. పోయిన నెలే నేను పెట్రోల్ బంకు దగ్గర వ్యాన్‌లో పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నా. పాస్ అని ఇచ్చాడు. మరి అది అబద్ధమా?

రింగ్_పానా
ఆ వ్యాన్ అతను గొట్టంలో పుల్ల పెట్టిండా, నంబర్ ప్లేటు ఫొటో తీసి డబ్బులు తీసుకున్నడా?

సుబేదారి_సెడాన్
పెట్టాడు. కానీ ఎక్సలేటర్ తొక్కమనలేదు.

ఆర్‌ఈసీ_84
తొక్కినా ఇది దొరకదు. డీజిల్ బండికి ఆ పరీక్ష చూసేది పొగ ఎంత చిక్కగా ఉంది, వెలుతురు ఎంత ఆగుతోంది అనే. పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. నాక్స్ అనే గడే ఆ కాగితం మీద ఉండదు. కాబట్టి మీ సర్టిఫికెట్ అబద్ధం కాదు. అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పదు, అంతే.

పెట్రోల్_కాక
మాది మొదటిసారే పాస్.

నిజాంబాద్_నానో
కాకా నీ బండి మూలకు పడి ఉంటది కదా, పొగ ఎక్కడిది.

సెకండ్‌హ్యాండ్_సేటు
మంచిర్యాల నుంచి ఒక మాట. లోకమంతా నాక్స్ అంటోంది, నా దగ్గరికి వచ్చే కస్టమర్ అడిగేది మూడే. ఎంత ఇస్తది, ఎన్ని చేతులు మారింది, యాక్సిడెంట్ అయిందా. రేపటి నుంచి నాలుగోది వస్తుంది, సాఫ్ట్‌వేర్ మార్చిందా అని. "మార్చలేదు సార్, పాతదే" అని చెప్తే ధర పెరుగుతుంది చూడండి.

కరీంనగర్_టీచర్
అదే కదా రోగం.

సెకండ్‌హ్యాండ్_సేటు
మేడమ్, నేను రోగం కాదు, థర్మామీటర్‌ను.

నల్లకోటు_హన్మకొండ
పొద్దున్నుంచి నలుగురు ఫోన్ చేశారు, అందుకే ఇక్కడే రాస్తున్నా. వినియోగదారుల ఫోరంలో కేసు వేయొచ్చా? వేయొచ్చు. 20 లక్షల లోపు అయితే జిల్లా ఫోరమే. కానీ జడ్జి అడిగే మొదటి ప్రశ్న, మీకేం నష్టం జరిగింది అని. బండి బాగా నడుస్తోంది, మైలేజీ వస్తోంది, ఆర్‌సీ ఉంది. ఊపిరి నష్టం మీ ఒక్కరిది కాదు, ఊరందరిది. నష్టపోయినవాళ్ల దగ్గర కొన్న రసీదు లేదు, రసీదు ఉన్నవాళ్లకు నష్టం కనిపించదు.

ఇంకో చిక్కు. మన చట్టంలో రీకాల్ చేయాల్సిందే అని ఎక్కడా లేదు. 2012 నుంచి కార్ల తయారీదారుల సంఘం తమకు తాముగా పెట్టుకున్న నియమావళి ఉంది, అంతే. అందుకే కంపెనీ "మేం ఇక్కడి నిబంధనలు దాటలేదు, స్వచ్ఛందంగానే రీకాల్ చేస్తున్నాం" అంటోంది.

సుబేదారి_సెడాన్
దాటలేదా? ఏఆర్ఏఐ వాళ్లు రోడ్డు మీద కొలిస్తే ల్యాబ్ లెక్కకూ దానికీ పొంతన లేదని నోటీసు ఇచ్చారు కదా?

నల్లకోటు_హన్మకొండ
ఇచ్చారు. కానీ పరిమితి రాసింది ల్యాబ్ పరీక్షకు. రోడ్డు మీద ఎంత ఉండాలో మన రూల్‌లో లేదు. లేని రూల్‌ను దాటామని ఎలా అంటారు అన్నది వాళ్ల వాదన.

ఆర్‌ఈసీ_84
ఉన్న రూల్ కూడా చూడండి. అమెరికాలో నాక్స్ పరిమితి మన లెక్కలో కిలోమీటరుకు 0.043 గ్రాములు. మన పొగ ప్రమాణాల్లో బీఎస్-4 డీజిల్‌కు 0.25, అంతకు ముందరి బీఎస్-3కి 0.50. ఆ బీఎస్-4 కూడా 2010లో హైదరాబాద్ లాంటి 13 నగరాలతో మొదలైంది. హైదరాబాద్‌లో పీల్చే గాలికి ఒక రూలు, పల్లెలో పీల్చే గాలికి ఇంకో రూలు. అక్కడ గోడ దూకాల్సి వచ్చింది. ఇక్కడ గోడే మోకాలి ఎత్తు.

జగిత్యాల_గల్ఫ్
మా బావమరిది అమెరికాలో ఉంటడు, వాడికీ ఆ డీజిల్ కారే. వాడికి 500 డాలర్ల కార్డు, షోరూంలో ఖర్చు పెట్టుకోవడానికి ఇంకో 500 ఇస్తున్నరట. మనకేమిస్తరు?

నిజాంబాద్_నానో
వాటర్ వాష్ ఫ్రీ.

ఖని_బొగ్గు
ఫోక్స్‌వ్యాగన్ పేరు వింటే మన తెలుగోళ్లకు ముందే గుండె ఆగాలి కదా. 2005లో విశాఖకు ఫ్యాక్టరీ వస్తదని ఎవరో మధ్యవర్తి కంపెనీకి సర్కారు 11 కోట్లకు పైగా కట్టింది. ఫ్యాక్టరీ పూణె దగ్గర చాకన్ పోయింది. డబ్బు ఏమైందో సీబీఐ చూసింది.

ఆర్‌ఈసీ_84
అందులో కంపెనీ తప్పు లేదండి, దాని పేరు వాడుకున్నవాళ్లది. రెండూ కలపొద్దు.

అడ్మిన్
ఇక్కడి నుంచి రాజకీయం మొదలైతే థ్రెడ్‌కు తాళమే. డీజిల్ గురించి మాట్లాడండి.

కరీంనగర్_టీచర్
సుబేదారి గారు అడిగిందానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. బండి ఇవ్వండి. మైలేజీ ఒకటో రెండో తగ్గితే తగ్గనివ్వండి. "మీ పరీక్షలో పాసవుతా, మీ వీధిలో కాను" అని ఒక యంత్రానికి నేర్పారు. అది తెలిశాక కూడా మనం అలాగే ఉంచుకుంటే, ఇప్పటి నుంచి ఆ పొగ కంపెనీది కాదు, మనది.

రింగ్_పానా
అక్కా, నీ మాట కాదనను. కానీ ఈజీఆర్ పాడైతే వారంటీ లేని బండికి బిల్లు కట్టేది అన్నే. కంపెనీ చేసిన తప్పుకు మానిఫోల్డ్ శుభ్రం చేసే ఖర్చు ఓనర్ ఎందుకు పెట్టాలి? ఐదేళ్ల గ్యారంటీ రాసి ఇవ్వమనండి, నేనే తోలుకొనిపోయి ఇస్తా. తప్పు చేసినోడు ఖర్చు పెట్టకుండా, కొన్నోడికి నీతి చెప్పుడేంది?

నల్లకోటు_హన్మకొండ
పానా మాట కోర్టులో నిలుస్తుంది. అక్కడ ఎవరైనా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకండి. పని చేశాక ఏం చేశారో జాబ్ కార్డ్ మీద రాయించుకోండి.

జాతర_టవేరా
ఫిబ్రవరిలో మేడారం జాతర. అది అయ్యేదాక ఏ బండినీ ఎవరికీ ఇచ్చేది లేదు.

పెట్రోల్_కాక
జాతరకు నా బండిలో రండి.

నిజాంబాద్_నానో
బంకు బంకుకూ మొక్కుకుంట పోదాం.

సుబేదారి_సెడాన్
19 ఫిబ్రవరి 2017
పాత థ్రెడ్ లేపుతున్నా, చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు. బండి ఇచ్చాను. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌లో. గంట పని అన్నారు, పొద్దున ఇస్తే చీకటి పడ్డాక ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ మార్చారు, జాలీ గొట్టం పెట్టారు. నల్లకోటు గారు చెప్పినట్టు జాబ్ కార్డ్ మీద రాయించుకున్నా. గ్యారంటీ కాగితం అడిగితే మేనేజర్ నవ్వాడు.

తేడా ఉందా అంటే, రెండో గేరులో కింద నుంచి లాగేటప్పుడు కొంచెం ఆలోచించుకుంటోంది. ఇంతకుముందు అలా లేదు. మైలేజీ హైవే మీద 19 చిల్లర. అది సాఫ్ట్‌వేర్ పనో, యాదగిరిగుట్ట దాటాక రోడ్డు పనుల వల్లనో చెప్పలేను. ఈజీఆర్ ఇప్పటికి బాగానే ఉంది. అమెరికాలో మాత్రం బండి వెనక్కి కొనుక్కొని, పైన 5,100 నుంచి 10,000 డాలర్ల దాకా ఇస్తున్నారు. అదీ మా లెక్క.

జగిత్యాల_గల్ఫ్
మా బావమరిది బండి ఇచ్చేసి, ఆ డబ్బుతో కొత్తది కొన్నడు. ఫొటో కూడా పెట్టిండు. నేను లైక్ కొట్టలేదు.

సెకండ్‌హ్యాండ్_సేటు
నా దగ్గర మార్చినవీ, మార్చనివీ రెండూ తిరిగినయ్. తోలి చూస్తే నాకు తేడా తెలియలేదు. కస్టమర్‌కు మాత్రం చెప్పగానే తెలుస్తది.

రింగ్_పానా
యూరప్‌లో అప్‌డేట్ తర్వాత ఈజీఆర్ పోతోందని చాలామంది ఓనర్లు లొల్లి చేస్తున్నరు. కంపెనీ మాత్రం దానికీ దీనికీ సంబంధం లేదంటోంది. అన్నా, నువ్వు రోజూ చౌరస్తా నుంచి ఆఫీసుకు రెండు కిలోమీటర్లు తోలుడు బంద్ పెట్టు. ఇంజిన్ వేడెక్కకముందే ఆపితే మసి ఇంకా పేరుకుంటది. వారానికోసారి ములుగు రోడ్డు మీద మంచిగా వేడెక్కేదాక తోలు.

నల్లకోటు_హన్మకొండ
8 మార్చి 2019
ఎన్‌జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, నిన్న ఫోక్స్‌వ్యాగన్‌కు 500 కోట్ల జరిమానా వేసింది. పోయిన నవంబర్‌లో ముందు 100 కోట్లు డిపాజిట్ చేయమంది. తర్వాత నిపుణుల కమిటీ ఢిల్లీ ఒక్క ఊళ్లో ఆరోగ్య నష్టం 171.34 కోట్లని లెక్క కట్టింది. నిన్న ట్రిబ్యునల్ దాన్ని 500కు పెంచి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి కట్టమంది. ఓనర్లకు ఏమీ లేదు.

నిజాంబాద్_నానో
వరంగల్ ఊపిరితిత్తులు లెక్కలోకి రాలేదా సార్?

కరీంనగర్_టీచర్
కరీంనగర్‌వి కూడా రాలేదు. లెక్క కట్టిన ఒక్క ఊరి పేరు మీదే 171 కోట్లు వచ్చాయంటే, కట్టని ఊళ్లవి ఎన్నో ఎవరైనా చెప్పండి. అయినా మొదటిసారి ఎవరో "మీరు పీల్చారు" అని కాగితం మీద రాశారు. నాకు అది 500 కోట్ల కంటే ఎక్కువ.

ఖని_బొగ్గు
ఆ డబ్బు మండలికి పోయాక ఏ గాలిని కడుగుతరట?

నల్లకోటు_హన్మకొండ
14 మే 2019
కడగడానికి ఇంకా రాలేదు. సుప్రీంకోర్టు ప్రస్తుతానికి కంపెనీ మీద ఎలాంటి బలవంతపు చర్యలూ తీసుకోవద్దంది.

జాతర_టవేరా
అనుకున్న.

ఆర్‌ఈసీ_84
అమెరికాలో మాత్రం ఓలివర్ ష్మిట్ అనే మేనేజర్‌కు 2017 డిసెంబర్‌లోనే ఏడేళ్ల జైలు పడింది. ఇంజనీర్ జేమ్స్ లియాంగ్‌కు 40 నెలలు. ఇద్దరు ముగ్గురు ఇంజనీర్ల మాటను పట్టుకొని ఆగిపోకుండా పై మెట్లు ఎక్కారు వాళ్లు. మన టవేరా కేసులో ఉద్యోగాలు పోయాయి, అక్కడితో సరి.

నల్లకోటు_హన్మకొండ
28 నవంబర్ 2020
చివరి సంగతి. నోయిడాలో ఒక కార్ల ఓనర్ ఇదే విషయం మీద పెట్టిన పోలీసు కేసును కొట్టేయమని కంపెనీ అడిగితే, సుప్రీంకోర్టు మొన్న ఒప్పుకోలేదు, విచారణ జరగనివ్వండి అంది. ఇంకో మంచి మార్పు, పోయినేడాది మోటారు వాహనాల చట్టం సవరణలో రీకాల్‌కు సెక్షన్ పెట్టారు. ఇకమీద ప్రభుత్వమే ఆదేశించవచ్చు, తయారీదారుకు 100 కోట్ల దాకా జరిమానా. 2015లో ఇది ఉండి ఉంటే నేను ఇక్కడ అంత నీళ్లు నమలాల్సి వచ్చేది కాదు. ఏప్రిల్ నుంచి బీఎస్-6 కూడా వచ్చింది, డీజిల్ నాక్స్ 0.08కి దిగింది.

ఆర్‌ఈసీ_84
ఆ 0.08 కూడా ఇప్పటికి ల్యాబ్‌దే. రోడ్డు మీద కొలిచే పరీక్ష 2023లో తప్పనిసరి అవుతుందంటున్నారు. డిక్కీలో యంత్రం పెట్టుకొని తిరగడమే, ఆ కుర్రాళ్లు చేసినట్టు.

కొత్తగా_చేరా_జనగామ
థ్రెడ్ మొత్తం చదివాను. హన్మకొండలో 2012 మోడల్ 1.6 డీజిల్ ఒకటి చూశా, ధర నచ్చింది. అప్‌డేట్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది? అవ్వకపోతే చేయించాలా?

రింగ్_పానా
ఛాసిస్ నంబర్ తీసుకొని సర్వీస్ సెంటర్‌లో అడుగు తమ్మీ, రికార్డులో ఉంటే చెప్తరు. అది తర్వాత సంగతి. బేరం ఆడకముందే బండి ఆటోనగర్‌కు తీసుకురా. ఈజీఆర్ విప్పి చూద్దాం, మానిఫోల్డ్ ఎంత మూసుకుందో నీ కళ్లతోనే చూడు. దాన్ని బట్టి ధర చెప్పు. ఓనర్ విప్పనీయనంటే ఆ బండి వదిలెయ్.

పెట్రోల్_కాక
పెట్రోల్ కొను బిడ్డా. డీజిల్ ఇప్పుడు మునుపటంత చవక కాదు.

కొత్తగా_చేరా_జనగామ
కాకా, మీది లీటరుకు ఎంత ఇస్తుంది?

నిజాంబాద్_నానో
అడగకు అన్నా, అడగకు.

అడ్మిన్
కొనుగోలు, అమ్మకాలకు వేరే విభాగం ఉంది. సేటు గారూ, ధర పెట్టబోతున్నారని తెలుసు, అక్కడ పెట్టండి.